ఒంగోలు బాప్టిస్టు సంఘం చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలు చుట్టుపక్కల పుట్టిన క్రైస్తవ కుటుంబాల్లో ఎవర్ని కదిపినా రెండు మాటలు గ్యారంటీగా వస్తాయి, ఒకటి అమెరికన్ మిషనరీ క్లౌ దొర, రెండోది 2,222, అంటే ఒక్కరోజులో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ లెక్క. ఆ రెండు మాటల మధ్య ఏం జరిగిందో మాత్రం చాలామందికి గుర్తు లేదు. సండే స్కూల్లో చెప్పేదేమో మరీ పొట్టిగా ఉంటది, వాట్సాప్‌లో తిరిగేదేమో మరీ మసాలాగా ఉంటది. అందుకే పిల్లలు, కొత్తగా పెళ్ళయి మా సంఘాల్లోకి వచ్చిన కోడళ్ళు, హైదరాబాదులో బెంగళూరులో స్థిరపడిపోయిన మావాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట పెడుతున్నా.

అసలు ఒంగోలు సంఘం ఎప్పుడు మొదలైంది?

1867 జనవరి 1న. అప్పుడు సభ్యులు 8 మంది. అంతే, ఎనిమిదే. అప్పటికి ఒంగోలు జిల్లా కేంద్రం కాదు, కార్పొరేషనూ కాదు, మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లా కింద ఉన్న ఒక చిన్న టౌను. ప్రకాశం జిల్లా అనేది 1970లో కదా వచ్చింది. కాబట్టి పాత మిషన్ రాతల్లో 'నెల్లూరు జిల్లా ఒంగోలు' అని కనిపిస్తే కంగారు పడకండి, అది మన ఒంగోలే.

మరి నెల్లూరు సంఘం మనకంటే పాతది అంటారు, నిజమేనా?

నిజమే, చాలా పాతది. అమెరికన్ బాప్టిస్టుల తరఫున శామ్యూల్ డే అనే ఆయన 1836లో ఇండియాకి వచ్చి, ముందు విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు తిరిగి, తర్వాత మద్రాసులో కొన్నాళ్ళు ఉండి, 1840లో నెల్లూరు చేరాడు. సంఘం అని చెప్పుకోటానికి 1844 దాకా పట్టింది. ఏళ్ళ తరబడి పనిచేసినా వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. డే గారికి ఒంట్లో బాగాలేక 1846లో వెనక్కి వెళ్ళి, 1849లో లైమన్ జెవెట్ అనే ఆయన్ని వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చాడు. ఈ జెవెట్ పేరు గుర్తుపెట్టుకోండి, క్లౌ దొర పేరు ముందు ఈయన పేరు మరుగున పడిపోతుంటది గానీ ఒంగోలుకి దారి వేసింది ఈయనే. ఒంగోలులో జెవెట్ మెమోరియల్ చర్చి ఉన్నది ఈయన పేరు మీదే.

లోన్ స్టార్ మిషన్ అని ఎందుకు అంటారు?

అమెరికాలో మిషన్ పెద్దలకి ఈ తెలుగు పని మీద విసుగొచ్చింది, డబ్బు పోతుంది, మనుషులు జబ్బుపడుతున్నారు, ఫలితం ఏమీ లేదు, మూసేద్దాం అనుకున్నారు. ఒకసారి కాదు, పలుమార్లు ఈ చర్చ వచ్చింది. 1853లో న్యూయార్క్ రాష్ట్రం ఆల్బనీలో జరిగిన వార్షిక సభలో ఒకాయన గోడ మీద మ్యాప్ చూపించి తెలుగు దేశంలో ఉన్న ఆ ఒక్క స్టేషన్‌ని, అంటే మిషన్ కేంద్రాన్ని, ఒంటరి నక్షత్రం (లోన్ స్టార్) అన్నాడు. శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అని, అమెరికా వాళ్ళ దేశభక్తి పాట రాసినాయన, ఆ మాట పట్టుకుని రాత్రికి రాత్రే పద్యం రాసేశాడంట. మర్నాడు అది చదివితే సభలో కళ్ళు చెమర్చినయ్యంట, మిషన్ ఉంచేశారు. నన్నడిగితే ఒక మీటింగులో చదివిన పద్యం వల్ల మన జిల్లా చరిత్ర మారటం అనేది కొంచెం విచిత్రంగానే ఉంటది, కానీ మీటింగుల్లో చాలా నిర్ణయాలు అట్లాగే జరుగుతాయి.

ప్రేయర్ మీటింగ్ కొండ కథ ఏంటి?

1854 జనవరి 1, తెల్లవారుజాము. జెవెట్, ఆయన భార్య యుఫీమియా, క్రిస్టియన్ నర్సు అనే పేరున్న తెలుగు ఉపదేశి (పల్లెల్లో బోధించే ఆయన), జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు ఆడవాళ్ళు, మొత్తం ఐదుగురు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. ఒంగోలుకి ఒక మిషనరీని పంపమని అడిగారు. ఎండ రావటం మొదలయ్యాక జెవెట్ కింద నాగజెముడు పొదలతో నిండి ఉన్న మెట్ట చోటు ఒకటి చూపించి, జూలియా, అక్కడ మన బంగళా కట్టుకుంటే ఎట్లా ఉంటది అని అడిగాడు. తర్వాత మిషన్ బంగళా లేచింది అక్కడే.

ఈ కథ చెప్పేటప్పుడు చాలామంది జెవెట్ దొర కొండెక్కాడు అని ఏకవచనంలో చెప్పేస్తారు. ఐదుగురిలో ముగ్గురు తెలుగువాళ్ళు, ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు. జూలియా తర్వాత నెల్లూరు కనకయ్య గారి భార్య అయింది, ముసలితనం దాకా బతికి ఆ తెల్లవారుజాము సంగతి తర్వాతి వాళ్ళకి చెప్పింది కూడా. కాబట్టి కొండ మీద బోర్డు పెట్టినా, స్కిట్ వేసినా ఐదుగురి పేర్లూ చెప్పండి దయచేసి.

క్లౌ దొర ఎవరు? ఎప్పుడు వచ్చాడు?

జాన్ ఎవరెట్ క్లౌ. 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు, కుర్రతనంలో మిన్నెసోటా అడవుల్లో ప్రభుత్వ సర్వేయర్ల దగ్గర పనిచేశాడు, దేవుడూ గీవుడూ అని పెద్ద పట్టింపు లేని మనిషి, లాయర్ అవుదామనుకున్నాడు, అయోవాలో కాలేజీలో చదివేటప్పుడు మారాడు. జెవెట్ సెలవు మీద వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు క్లౌ, ఆయన భార్య హారియెట్ కూడా వచ్చారు, 1865లో నెల్లూరు చేరారు, 1866 సెప్టెంబరులో ఒంగోలు వచ్చి స్థిరపడ్డారు. ఆ సర్వేయర్ పని సంగతి ఊరికే చెప్పలేదు, కరువు దగ్గరికి వచ్చేసరికి అదే అక్కరకొచ్చింది.

యర్రగుంట్ల పేరయ్య గారు ఎవరు? దొర కంటే ముందు ఆయనే అంటారు కదా?

అవును, నా దృష్టిలో ఈ చరిత్రంతటికీ మూలపురుషుడు ఆయనే. ఒంగోలుకి పడమర 40 మైళ్ళ దూరంలో తాళ్ళకొండపాడు ఆయన ఊరు. మాదిగ కులం, తోళ్ళ పని, తోళ్ళ వ్యాపారం. కానీ మన ఊళ్ళలో అనుకునే 'చదువూ సంధ్యా లేని మనిషి' బాపతు కాదు. ఆయన యోగం నేర్చుకున్నాడు, గురువుల దగ్గర కూర్చున్నాడు, ఒక స్త్రీ గురువు దగ్గర రాజయోగ సాధన చేశాడు, ఆయనకే శిష్యులున్నారు. విగ్రహాల వల్ల ఏమీ లేదు, దేవుడు ఒక్కడే అనే దాకా తనంతట తనే వచ్చేశాడు. తోళ్ళ వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు అక్కడి మిషనరీ దగ్గర క్రీస్తు గురించి విన్నాడు. ఇదీ నేను వెతికేది అనుకున్నాడు. ఇంటికొచ్చి భార్య నాగమ్మకి చెప్పాడు, చుట్టుపక్కల పల్లెల్లో తన మాట వినేవాళ్ళకి చెప్పాడు, అప్పటికి ఒంగోల్లో మిషనరీయే లేడు.

1866 మార్చిలో జెవెట్ ఒంగోలు వచ్చాడని తెలిసి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ నడిచొచ్చి బాప్తిస్మం తీసుకున్నారు. తర్వాత క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టాక, మా ఊరు రండి అని పేరయ్య పట్టుబట్టాడు. 1867 జనవరిలో క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళి ఒక చింతతోపులో దిగేసరికి పేరయ్య చుట్టుపక్కల పల్లెల నుంచి మనుషుల్ని తెచ్చి కూర్చోబెట్టాడు. వాళ్ళు రోజుల తరబడి తినటానికి తిండి మూట కట్టుకొచ్చారు, పక్కన ఇంకో మూట, దాంట్లో ఉతికిన బట్టలు. ఆ బట్టలు ఎందుకంటే, బాప్తిస్మం అంటే నీళ్ళలో ముంచటం కదా, అది అయ్యాక మార్చుకోటానికి. దొర ఇంకా నోరు తెరవకముందే వాళ్ళు తేల్చుకునే వచ్చారన్నమాట. ఆ పర్యటనలో 28 మందికి బాప్తిస్మం ఇచ్చారు. సంఘం పుట్టిన మూడు వారాలకే సభ్యుల్లో ఎక్కువమంది ఆ పల్లెల వాళ్ళే అయ్యారు.

దొర వచ్చి పేరయ్యని మార్చాడు అని రాసే వాళ్ళకి నేను చెప్పేది ఒకటే, పేరయ్య వెళ్ళి దొరని పిలుచుకొచ్చాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు దొరకి పల్లెలు చూపించింది, పల్లెల్లో ఎవరితో ఎట్లా మాట్లాడాలో నేర్పింది కూడా ఆయనే.

పై కులాల వాళ్ళు ఎందుకు రాలేదు? స్కూలు గొడవ ఒకటి జరిగిందంట?

జరిగింది. దొర దంపతులు మొదట్లో ఒంగోలు టౌన్లో స్కూలు పెట్టారు, బ్రాహ్మణ పిల్లలూ, మిగతా పై కులాల పిల్లలూ వచ్చారు, పెద్దలు కూడా బాగానే ఉన్నారు, మెల్లగా వీళ్ళే క్రైస్తవులవుతారేమో అని దొర ఆశ. పడమటి పల్లెల నుంచి మాదిగలు బాప్తిస్మాలు తీసుకోవటం మొదలయ్యేసరికి పెద్దలు వచ్చి, వాళ్ళని చేర్చుకుంటే మేం మా పిల్లల్ని మానిపిస్తాం అని చెప్పేశారు. దొరకి ఎటూ పాలుపోలేదు. ఆయన ఒక గదిలో, దొరసాని ఇంకో గదిలో ఉండి బైబిల్ తెరిస్తే ఇద్దరికీ ఒకే చోట కళ్ళు పడ్డాయంట, మొదటి కొరింథీ మొదటి అధ్యాయం చివర, లోకంలో గొప్పవాళ్ళని కాదు, తక్కువవాళ్ళనే దేవుడు ఏర్పరచుకున్నాడు అనే మాటల దగ్గర. మాదిగల్ని వదలం అని దొర చెప్పాడు, స్కూలు ఖాళీ అయింది.

ఈ కథలో బైబిల్ తెరుచుకోవటం గురించే ఎక్కువ ప్రసంగాలు చేస్తారు. నాకు మాత్రం ఆ ముందు వారాలు ముఖ్యం అనిపిస్తాయి, ఎందుకంటే ఆ పల్లె జనం అప్పటికే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు కాబట్టే దొర తేల్చుకోవాల్సి వచ్చింది.

సంఘంలో చేరితే ఊళ్ళో ఏమయ్యేది?

చేరేవాళ్ళకి మూడు షరతులు ఉండేవి, విగ్రహాలకి మొక్కకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, ఆదివారం పని చెయ్యకూడదు. ఇప్పుడు వింటే ఏముందిలే అనిపిస్తది. అప్పటి ఊరు ఎట్లా నడిచేదో ఆలోచించండి. మోటకి తోలు తిత్తి మాదిగ కుట్టాలి, రైతు కాలికి చెప్పు మాదిగ కుట్టాలి, చచ్చిన గొడ్డుని మాదిగే లాగాలి, ఊరి దేవత కొలుపుకి డప్పు మాదిగే కొట్టాలి, ప్రభుత్వం వాళ్ళు ఎవరన్నా వస్తే మూట మోయటానికి వెట్టికి పిలిస్తే పోవాలి. వీటికి బదులు పంట కళ్ళంలో కాస్త గింజలు. దీంట్లో డప్పు కొట్టను అన్నా, ఆదివారం రాను అన్నా గొడవ ఒక్క గుడితో కాదు, ఊరి మొత్తంతో.

కరణాలు, మునసబులు దొంగ కేసులు పెట్టారు, కొట్టించారు, బావి దగ్గరికి రానివ్వలేదు, పని ఇవ్వలేదు, కళ్ళంలో గింజలు ఆపారు. కొంతమంది తట్టుకోలేక వెనక్కి వెళ్ళారు, అదీ నిజమే. దొర కోర్టుల చుట్టూ, కలెక్టర్ల చుట్టూ తిరిగాడు. తెల్లవాడు అండగా ఉన్నాడు అనేది కొన్ని ఊళ్ళలో పనికొచ్చింది, కొన్ని ఊళ్ళలో పగ పెంచింది.

కరువుకీ సంఘానికీ ఏంటి సంబంధం? కాలువ తవ్వించారు అంటారు?

1876 నుంచి 78 దాకా వచ్చిన కరువు, దక్షిణాదినంతా తుడిచిపెట్టిన కరువు. వరసగా వానలు పోయినయ్యి. మద్రాసు ప్రభుత్వం కరువు పనుల కింద తీరం వెంబడి కాలువ తవ్వించింది, అప్పటి గవర్నర్ డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ పేరు పెట్టారు, అదే మన బకింగ్‌హామ్ కాలువ. క్లౌ దొర దాంట్లో మూడున్నర మైళ్ళ ముక్క కాంట్రాక్టు తీసుకున్నాడు. మిషనరీకి కాంట్రాక్టు ఏంటి అనుకోకండి, సర్వే పని తెలిసినవాడు కదా, కొలతలు తెలుసు, మట్టి లెక్క తెలుసు. వేరే చోట్ల మేస్త్రీలు కూలీల నోట్లో మట్టి కొడుతుంటే చూడలేక తనే దిగాడు.

ఎండుటాకుల గుడిసెలు వేసి క్యాంపు పెట్టారు, వేలమంది వచ్చారు, కలరా కూడా వచ్చింది. మేస్త్రీలుగా పెట్టింది ఎవర్నంటే సంఘంలోని ఉపదేశుల్నే. పగలంతా మట్టి కొలిచి, గంపలు లెక్కపెట్టి, కూలి ఇప్పించి, మధ్యాహ్నం పని ఆగినప్పుడు అదే జనం మధ్య కూర్చుని మాట్లాడేవాళ్ళు. 'ప్రయాసపడి భారం మోసేవాళ్ళారా నా దగ్గరికి రండి' అనే వాక్యం అక్కడ ఎక్కువగా చెప్పేవాళ్ళంట, గంప నెత్తిన పెట్టుకున్న మనిషికి దానికి వివరణ అక్కర్లేదు కదా. చుట్టుపక్కల తాలూకాల నుంచి వచ్చిన జనం తిరిగి వాళ్ళ వాళ్ళ పల్లెలకి పోయేసరికి ఆ ఉపదేశులు పేరుపేరునా తెలిసిపోయారు. 1878లో అన్ని పల్లెలు ఒకేసారి ఎట్లా కదిలినయ్యి అంటే సగం జవాబు ఈ కాలువ గట్టు మీద ఉంది.

2,222 మందికి ఒక్కరోజులో బాప్తిస్మం, ఇది నిజమేనా? ఎట్లా కుదురుతుంది?

నిజమే. 1878 జులై 3. చోటు ఒంగోలు కూడా కాదు, ఒంగోలుకి ఉత్తరాన పది మైళ్ళ దూరంలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి. ఒంగోల్లో అప్పుడు మశూచి ఉందని జనాన్ని అక్కడికి రమ్మన్నారు. ముందురోజు జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు రోజులకి 3,536.

ఎట్లా కుదిరింది అంటే చాలా పద్ధతిగా. ఏ పల్లె ఉపదేశి ఆ పల్లె వాళ్ళని పేర్లతో సహా తీసుకొచ్చి, ఈ మనిషిని నేనెరుగుదును అని చెప్పాలి. ఆర్డినేషన్ అయిన, అంటే బాప్తిస్మం ఇచ్చే అధికారం ఉన్న బోధకులు ఆరుగురు, ఒకేసారి ఇద్దరు నీళ్ళలో దిగేవాళ్ళు, వాళ్ళు అలిసిపోతే ఇంకో ఇద్దరు. పొద్దున 6 నుంచి 11 దాకా, మళ్ళీ మధ్యాహ్నం 2 నుంచి సాయంత్రం 7 దాకా. పది గంటలు, ఇద్దరు చొప్పున, లెక్క వేస్తే మనిషికి సుమారు అర నిమిషం వస్తుంది, తొందర పడకుండానే అయిపోద్ది, అనుమానం ఉంటే మీ పాస్టర్ గార్ని అడగండి.

ఇంకో సంగతి, ఎక్కువమందికి తెలియనిది, ఆ రోజు క్లౌ దొర ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. ఆయన గట్టున ఉండి ఏర్పాట్లు చూశాడు. నీళ్ళలో నిలబడింది తెలుగు బోధకులు. గుండ్లకమ్మలో దొర నిలబడ్డట్టు వేసిన బొమ్మలు, ఫ్లెక్సీలు చాలా చూశాను, ఇకనైనా మార్చండి.

ఆ ఏడాది చివరికి ఒంగోలు సంఘంలో సభ్యులు పన్నెండు వేలు దాటారు, ప్రపంచంలో అతి పెద్ద బాప్టిస్టు సంఘం అని అప్పట్లో చెప్పుకున్నారు. తర్వాత 1890 డిసెంబరు 28న ఒంగోలులోనే ఇంకోసారి ఒక్కరోజు 1,671 మందికి ఇచ్చారు, దాన్ని ఎందుకో ఎవరూ తలుచుకోరు.

కరువులో గింజల కోసం మతం మారారు అంటారు కదా. దానికి మీ జవాబు?

ఈ ప్రశ్న చుట్టాల ఇళ్ళల్లో పెళ్ళిళ్ళలో కూడా వస్తది, కోపం తెచ్చుకోకుండా జవాబు చెప్పొచ్చు.

ఒకటి, కరువుకి ముందే ఒంగోలు సంఘంలో మూడు వేల పైన మంది ఉన్నారు, పదేళ్ళ నుంచి పల్లె పల్లెకీ పోయిన పని అది. రెండు, కరువు పని, సాయం నడిచినంత కాలం, 15 నెలల పాటు, దొర బాప్తిస్మాలే ఆపేశాడు. అడిగినవాళ్ళని కూడా తర్వాత చూద్దాం అని పంపేశాడు, కారణం ఇదే, గింజల కోసం వచ్చారు అనే మాట రాకూడదని. వెల్లంపల్లికి జనం వచ్చినప్పుడు కూడా ఆయన వాళ్ళతో, కరువు సాయం అయిపోయింది, నా దగ్గర ఇవ్వటానికి ఏమీ లేదు, ఇళ్ళకి పోండి అన్నాడు. వాళ్ళు అరిచేతులు చూపించారు, పలుగూ పారా పట్టి బొబ్బలెక్కిన చేతులు. మాకు సాయం వద్దు, పని చేసుకుని బతుకుతాం, వచ్చే పంట కూడా పోతే చచ్చిపోతాం, చస్తే క్రైస్తవులుగా చస్తాం, బాప్తిస్మం ఇవ్వండి అని అడిగారు. ఈ సంగతి దొరే తన జీవితకథలో రాసుకున్నాడు.

అట్లాగని కరువుకీ దీనికీ సంబంధమే లేదు అంటే అదీ అబద్ధమే. కరువులో ఎవరు మన పక్కన నిలబడ్డారు, ఎవరు కళ్ళంలో గింజలు దాచుకున్నారు అనేది మనిషి మర్చిపోతాడా? కాలువ గట్టు మీద తన కులం మనిషే మేస్త్రీగా ఉండి, సరిగ్గా కొలిచి, మర్యాదగా పిలిచి కూలి ఇప్పించటం ఆ జనం మొదటిసారి చూశారు. దాన్ని గింజల కోసం అనే మాటలో కుదించటం తెలివి తక్కువ పని. అప్పట్లో కొందరు మిషనరీలే, క్లౌ మరీ తొందరపడ్డాడు, అంతమందికి నేర్పేదెవరు అని విమర్శించారు, ఆ విమర్శలో మాత్రం పస ఉంది. చదువు చెప్పటానికి, పల్లెకో ఉపదేశిని పెట్టటానికి తర్వాత దశాబ్దాలు పట్టింది, కంభం, వినుకొండ, నరసరావుపేట, బాపట్లలో వేరే స్టేషన్లు పెట్టింది కూడా ఈ బరువు పంచుకోటానికే.

ఆడవాళ్ళ పాత్ర గురించి ఎక్కడా రాయరు ఎందుకు?

రాసినవాళ్ళు దొరలు, పాస్టర్లు కాబట్టి. జూలియా, నాగమ్మ సంగతి పైన చెప్పా. వీళ్ళ తర్వాత బైబిల్ స్త్రీలు అని ఒక పెద్ద వరస ఉంది, జీతం అంతంతమాత్రం, సంచిలో బైబిలు, పాటల పుస్తకం, నడక. మగ ఉపదేశిని గడప దాటనివ్వని ఇళ్ళల్లోకి కూడా వీళ్ళు పోయేవాళ్ళు. పల్లె సంఘాలు నిలబడింది పిడికెడు బియ్యంతో, అంటే వంటకి బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు పక్క కుండలో వేసి ఆదివారం గుళ్ళో ఇవ్వటం. మిషన్ డాలర్లు పెద్ద బంగళాలకి, ఆస్పత్రికి, కాలేజీకి వచ్చినయ్యి. పల్లెలో ఉపదేశికి ముద్ద పెట్టింది మాత్రం ఈ కుండే.

మా ఊరు బాప్టిస్టు, పక్క తాలూకా లూథరన్, అవతల సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా). ఎందుకిలా?

మిషన్లు ఒకళ్ళ పొలంలో ఒకళ్ళు పడకుండా ఏరియాలు పంచుకున్నాయి. గుంటూరులో 1842లో హేయర్ అయ్యగారు మొదలుపెట్టిన లూథరన్ పని, మచిలీపట్నం, ఏలూరు వైపు ఇంగ్లీషు సీఎంఎస్ (చర్చ్ మిషనరీ సొసైటీ), కడప, అనంతపురం వైపు లండన్ మిషన్, మెదక్ వైపు మెథడిస్టులు. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులవి. కాకినాడ కెనడా బాప్టిస్టులది, అది కూడా ఒంగోలు చెట్టు కొమ్మే, క్లౌ సెలవులో ఉన్నప్పుడు ఒంగోలు చూసుకున్న మెక్లారిన్ 1874లో వెళ్ళి మొదలుపెట్టాడు. తెలంగాణలో సికింద్రాబాదు, హనుమకొండ, నల్గొండ, పాలమూరులో ఉన్న బాప్టిస్టు సంఘాలు కూడా ఈ మిషన్‌వే.

1947లో సీఎస్ఐ ఏర్పడినప్పుడు మావాళ్ళు చేరలేదు. బిషప్పులు మాకు పడదు, చిన్నపిల్లల బాప్తిస్మం మాకు లేదు, ప్రతి సంఘం తన సంగతి తనే చూసుకోవాలి అనేది బాప్టిస్టు పద్ధతి. దానివల్ల లాభం ఎంతో, సంఘం ఎన్నికలప్పుడు జరిగే రచ్చా అంతే.

సౌత్ ఆఫ్రికాలో తెలుగు బాప్టిస్టులు ఉన్నారంట, వాళ్ళు మనవాళ్ళేనా?

మనవాళ్ళే. నాటాల్ చెరకు, టీ తోటలకి కూలి ఒప్పందాల మీద మద్రాసు రేవు నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళలో క్రైస్తవులు కూడా ఉన్నారు. మాకు పాస్టర్ని పంపండి అని వాళ్ళు అడిగితే, తెలుగు బాప్టిస్టులు సొంతంగా పెట్టుకున్న హోమ్ మిషన్ సొసైటీ 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గార్ని పంపింది. ఆయన కియర్స్నీ టీ తోటలో సంఘం పెట్టాడు. అమెరికా వాళ్ళు మనకి మిషనరీని పంపి అప్పటికి 70 ఏళ్ళు కూడా కాలేదు, మనవాళ్ళు ఓడెక్కించి వేరే ఖండానికి పంపారు. 2,222 గురించి ఎంత చెప్పుకుంటామో దీని గురించి అంత చెప్పుకోవాలి, చెప్పుకోం.

మేం క్రైస్తవులం, సర్టిఫికెట్‌లో మాత్రం వేరే ఉంది. ఇది మా తాతల తప్పా?

తప్పు కాదు, చట్టం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే, తర్వాత 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి కలిపారు, క్రైస్తవులకి లేదు. ఎస్సీ నుంచి క్రైస్తవులైన వాళ్ళు మన దగ్గర బీసీ-సీ కిందకి వస్తారు, ఒక శాతం రిజర్వేషన్. గుడి మారినంత మాత్రాన ఊళ్ళో వాడ మారలేదు, బావి దగ్గర చూపు మారలేదు, కాగితం మీద మాత్రం కులం మారిపోయింది. అందుకే ఇళ్ళల్లో గుళ్ళో ఒక పేరు, స్కూలు రిజిస్టరులో ఇంకో పేరు. దీని మీద కోర్టుల్లో, కమిషన్లలో ఏళ్ళ నుంచి నలుగుతా ఉంది. మీ పిల్లల విషయంలో ఏం చెయ్యాలి అనేది తెలిసిన లాయర్ని అడగండి, ఆదివారం గుడి బయట నిలబడి సలహాలిచ్చే వాళ్ళని కాదు.

మా ముత్తాత బాప్తిస్మం రికార్డు దొరుకుద్దా?

దొరికే అవకాశం ఉంది. ముందు మీ పల్లె సంఘంలో పాత సభ్యత్వ రిజిస్టరు అడగండి, చాలాచోట్ల బీరువాలో చెదలు పట్టి ఉంటది, దొరికితే అక్కడికక్కడే ఫోన్లో ప్రతి పేజీ ఫొటో తీసుకోండి. పల్లె సంఘం విడిపోయి ఉంటే మొదటి సంఘంలో చూడాలి, ఒకప్పుడు పల్లెలన్నీ ఒంగోలు సంఘం కిందే లెక్క. మిషనరీల ఉత్తరాలు, ఏటేటా పంపిన రిపోర్టులు కావాలంటే అమెరికాలో అట్లాంటా దగ్గర ఉన్న అమెరికన్ బాప్టిస్ట్ హిస్టారికల్ సొసైటీకి రాయాలి, మిషన్ కాగితాలు అక్కడ ఉన్నాయి. పేర్లు వెతికేటప్పుడు ఒక జాగ్రత్త, వాళ్ళు చెవికి ఎట్లా వినపడితే అట్లా రాసుకున్నారు, వెల్లంపల్లికే నాలుగైదు రకాల స్పెల్లింగులు ఉంటాయి. ఇంటిపేరు, ఊరు, వాళ్ళని తీసుకొచ్చిన ఉపదేశి పేరు, ఈ మూడూ ముందు ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర రాసుకుని అప్పుడు వెతకండి, ఉత్త పేరయ్య అని వెతికితే వంద మంది వస్తారు.